సమానత్వమునకు కొలబద్ద యెవరిది?

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిననాడు మనవారిని బాధించిన ప్రశ్న యొక్కటే: ఆడుపిల్లకు చదువేల? అది యణగిన పిదప రెండవది తలయెత్తెను: చదివిన స్త్రీకి ఉద్యోగమేల? నేడదియు బహిరంగముగా నడుగువారు తక్కువ. న్యాయస్థానములందును, వైద్యశాలలందును, కార్యాలయములందును స్త్రీలు పనిచేయుచునే యున్నారు. కావున వాదము ముగిసినదని పలువురు తలంచుచున్నారు. కాని మూడవ ప్రశ్న మిగిలియున్నది. పనిచోట సమానత్వమనగా నేమి? పురుషునికొఱకు ముందే యేర్పడిన నియమములలో స్త్రీకి చోటిచ్చుటయా? లేక ఆ నియమములే న్యాయమైనవో కావో విచారించుటయా?

చోటిచ్చినంతమాత్రమున సమానత్వము సిద్ధింపదనుటకు సి. బి. ముత్తమ్మగారి వృత్తాంతము తార్కాణము. ఆమె 1949లో భారత విదేశాంగ సేవయందు ప్రవేశించిన మొదటి మహిళ. ద్వారము తెరువబడెను, కాని లోపలి నియమములు వేఱు. ఆ సేవలోని స్త్రీ వివాహమాడదలచినచో ప్రభుత్వముయొక్క అనుమతిని వ్రాతమూలముగా పొందవలెను. వివాహానంతరము ఇంటిబాధ్యతలు పనికి అడ్డుపడునని ప్రభుత్వము తలంచినచో రాజీనామా నీయవలసియుండును. పురుషున కీ నిర్బంధము లేదు. ఆమె సుప్రీముకోర్టు నాశ్రయింపగా, 1979లో జస్టిస్ కృష్ణయ్యరుగారు ఆ నియమములలోని పక్షపాతమును తీవ్రముగా ఖండించిరి. ఆ నియమము స్త్రీ తెలివితక్కువదని చెప్పలేదు. ఇల్లు స్త్రీదేయని మాత్రము నిశ్చయించుకొనెను. ఒకే వివాహము పురుషునికి ఆసరాగాను, స్త్రీకి లోపముగాను లెక్కింపబడెను. అన్యాయమునకు ద్వేషమే మూలము కానక్కఱలేదు. విచారింపని అలవాటు చాలును.

సమానమైన పనికి సమానమైన వేతన ముండవలెనని మన రాజ్యాంగము 1950నుండి ఆదేశించుచున్నది. 1976లో దానికై ప్రత్యేకముగా చట్టమును చేయబడెను. ఐనను పనికి పేరుపెట్టువాడు యజమానుడే. పేరు మార్చినచో సమానత్వము తప్పించుకొనిపోవును. ఎయిర్ ఇండియాలో నొకప్పుడు విమానపరిచారికలు 35 ఏండ్లకే పని విడువవలసియుండెను. అధికారి యిష్టపడినచో గడువు పెరుగును. తొలి గర్భముతో ఉద్యోగము పోవును. అదే విమానములో ప్రయాణికులకు సేవచేయు పురుషులు 58 ఏండ్లవఱకు ఉండవచ్చును. 1981లో సుప్రీముకోర్టు గర్భనియమమును కొట్టివేసినది గాని, ఈ యిరువురిది వేర్వేఱు వర్గమని చెప్పి, నాలుగేండ్లలోపల పెండ్లి చేసికొనరాదను నియమమును నిలిపెను.

ఈ తర్కము మన పొలములకు క్రొత్తది కాదు. నాట్లు వేయుట, కలుపు తీయుట ఆడుకూలివారి పని. దుక్కి మగవారి పని. కావున కూలి వేఱు. దినమంతయు నడుము వంచి బురదలో నిలుచుట తేలికయని నిర్ణయించిన దెవరు? నాటువేసినవారు కారు. 1987లో మెకిన్నన్ మెకంజీ సంస్థవారి దావాలో సుప్రీముకోర్టు ఈ మార్గమును మూసివేయ జూచినది. స్త్రీలగు స్టెనోగ్రాఫరులకు తక్కువ జీతమిచ్చి, వారి పని వేఱని వాదించిన సంస్థను, పని స్వభావమునే చూడవలెను గాని పేరును కాదని త్రోసిపుచ్చెను.

ఇచట నొక ఆక్షేపణ కలదు. ప్రసవము ప్రకృతిసిద్ధము, స్త్రీ సెలవు కోరును, పురుషుడు కోరడు, ఇంక సమానత్వ మెక్కడిది? సమానత్వమనగా ఒకేతీరుగా నుండుట యని భ్రమించుటవలన పుట్టినదీ ప్రశ్న. బిడ్డ తల్లికి మాత్రమే కలుగునది కాదు. తండ్రికిని, సమాజమునకును కలుగును. రేపటి పౌరుని కనుట యొకతె సొంతఖర్చుగా నెంచుట యేపాటి న్యాయము? 2017లో ప్రసూతి సెలవు, మొదటి యిద్దఱు బిడ్డలకు, 12 వారములనుండి 26 వారములకు పెంచబడెను. మంచిదే. కాని ఇ.ఎస్.ఐ. పథకము వర్తింపనిచోట ఆ జీతభారమంతయు యజమానునిమీదనే పడును. కేంద్రప్రభుత్వోద్యోగియగు తండ్రికి 15 దినముల సెలవు కలదు; ప్రైవేటు ఉద్యోగమునందలి తండ్రికి అట్టి సెలవు నిచ్చు సామాన్య చట్టము లేదు. ఇక లాభనష్టములు లెక్కించు యజమానుడు యువతి దరఖాస్తు చూడగానే 26 వారముల జీతమును తలంచుకొనడా? ఆమె రక్షణకై చేసిన చట్టమే ఆమె త్రోవకు అడ్డుగోడ కాగలదు. దీనికి మందు సెలవును తగ్గించుట కాదు. ఆ వ్యయమును సమాజమంతయు పంచుకొనుట, తండ్రికిని బిడ్డపై బాధ్యత కలదని చట్టమునందే వ్రాయుట.

ఇంట వంటచేయువారు, రోగిని కనిపెట్టుకొనువారు, పసిబిడ్డను పెంచువారు ఎవరును లేనట్లు మన పనివేళలు ఏర్పడినవి. నిజమునకు వారందఱు కలరు; వారి శ్రమ లెక్కలోనికి రాలేదు, అంతియే. ఆ శ్రమ నింకొకరిపై మోపి నిశ్చింతగా వచ్చువానినే మంచి యుద్యోగి యని మెచ్చుకొనుచున్నంతకాలము, స్త్రీకి కుర్చీ వేసి కూర్చుండబెట్టినను ఆమె అతిథియే యగును గాని భాగస్వామిని కాజాలదు. కొలబద్ద ఒకరి శరీరమునుబట్టి, ఒకరి తీరికనుబట్టి చేయబడినప్పుడు, దానితో ఎంత నిష్పక్షపాతముగా కొలిచినను తప్పే తేలును. ముందుగా సరిచేయవలసినది కొలబద్దను.