మా ఊరా, మన ఊరా?

“ముందుగాల పేరు చెప్పు బిడ్డా. ‘మా ఊరు’ అని పెడ్తవా, ‘మన ఊరు’ అని పెడ్తవా?”

దుండిగల్ పాత ఊళ్లో, సార్ ఇంటి అరుగు మీద నేనింకా సరిగా కూర్చోనే లేదు. బళ్లో నాకు తెలుగు చెప్పింది, వార్షికోత్సవాలకు మా చేత నాటకాలు ఆడించింది ఆయనే. నా సంచిలో థోర్న్‌టన్ వైల్డర్ నాటకం ‘అవర్ టౌన్’ ఉంది. ఊరి పిల్లలనూ, కొత్త అపార్ట్‌మెంట్ల పిల్లలనూ కలిపి దాన్ని తెలుగులో వేయాలని నా కోరిక. ఫోన్‌లో ఆ సంగతి చెప్తే ఆయన పేరు దగ్గరే ఆగిపోయినట్టున్నారు. గడప పక్కన అమ్మ చాట ముందు పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం.

“తేడా ఏముంది సార్? ఇంగ్లీషుల ఒకటే మాట గద.”

“వాళ్లకు ఒకటే. మనకు రెండు. ఎదుటోణ్ని అవతల నిలబెట్టి చెప్తే ‘మా’. పక్కన కూసోబెట్టుకుంటే ‘మన’. నాటకంల ఎదుటోడంటే చూసెటోడే. నువ్వు పేరు పెట్టంగనే అతను ఊరోడా, చుట్టపు చూపుకొచ్చినోడా అన్నది తేలిపోతది. సరే, కథ చెప్పు.”

“1938ల వచ్చింది సార్. గ్రోవర్స్ కార్నర్స్ అని న్యూ హాంప్‌షైర్‌ల ఒక చిన్న ఊరు. రచయిత కల్పించిందే. జనం 2,642 మంది. మొదటి అంకం 1901ల ఒక మామూలు దినం. పాలాయన వస్తడు, పేపరు పిల్లగాడు వస్తడు, తల్లులు పిల్లలను బడికి తోలుతరు. రెండోది 1904ల పెండ్లి. డాక్టరు కొడుకు జార్జి, పక్కింటి పత్రిక ఎడిటరు బిడ్డ ఎమిలీ. మూడోది 1913ల, బొందలగడ్డ మీద. కాన్పుల సచ్చిపోయిన ఎమిలీ ఒక్క దినానికి తిరిగి ఇంటికి పోతది. తన పన్నెండో పుట్టినరోజుకు. తల్లి ప్రేమగనే మాట్లాడుతది, గని పొయ్యి మీదికెల్లి చూపు తిప్పది. ఆ పిల్ల తట్టుకోలేక మళ్ల వచ్చి సచ్చినోళ్ల నడుమ కూసుంటది. అంతే. విలన్ లేడు, కొట్లాట లేదు. ఎంతో మెత్తటి నాటకం.”

“దాన్ని ఇక్కడెట్ల నిలబెడ్తవు?”

“1960ల నాటి దుండిగల్‌ల పెడ్త సార్. ఎడ్లబండ్లు, మోటబావి, చావడి. గండిమైసమ్మ చౌరస్త నుంచి ఇక్కడిదాక తొవ్వ చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు, ఇంజనీరింగు కాలేజీలు, విల్లాలు. ఊరు కండ్ల ముందే పోతున్నది. నాటకంలనన్న బతికిద్దామని.”

నెత్తి మీదుగా శిక్షణ విమానం ఒకటి వెళ్లింది. చప్పుడు తగ్గేదాకా సార్ మాట్లాడలేదు. ఊళ్లో అందరికీ అలవాటైన మౌనం అది.

“నా చిన్నప్పుడు ఈ చప్పుడు లేదు. 1971ల ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మొదలైంది. ఇగ ఊరు పోయిందని మా నాయిన అప్పుడే అన్నడు. నువ్వు పుట్టేటాళ్లకు ఆ చప్పుడు నీ ఊర్ల కలిసిపోయింది. నువ్వు పోతున్నదని ఏడ్సే ఊరు, మా నాయిన లెక్కల ఎన్నడో పోయిన ఊరు. ఎవరి ఊరిని బతికిస్తవు?”

నా దగ్గర జవాబు లేదు.

“ఇంకొకటి. ఆ నాటకం మెత్తటిదని నీకెవరు చెప్పిండ్రు? ఆ పేపరు పిల్లగాని సంగతి ఏమైతది?”

“జో క్రోవెల్. మస్తు తెలివిగల్ల పిల్లగాడు. ఇంజనీరింగు చదివి, కాలేజీల మొదటోడై, యుద్ధంల ఫ్రాన్స్‌ల సచ్చిపోతడు. కథ చెప్పే స్టేజి మేనేజరు ఆ ముక్క మొదటి అంకంలనే, పిల్లగాడు పేపర్లు ఏస్తుండంగనే చెప్పేస్తడు.”

“మరి? కండ్ల ముందట పిల్లగాడు పేపరేస్తుండు, వాడు సచ్చిండని నీకు ఎరుక. ఇగ వాడు పేపరేసుడు నువ్వు మామూలుగ చూడగల్గుతవా? పాత ఊరు మీద మోజు పుట్టించెటందుకు రాసిన నాటకం కాదది. అందుకే ఎడ్లబండి ఎక్కించకు. ఎక్కిస్తే మంది బండిని చూస్తరు, మనిషిని చూడరు.”

“నాటకంల అసలు సెట్టే లేదు సార్. రెండు బల్లలు, కొన్ని కుర్చీలు. తల్లులు ఉత్త చేతులతోనే వంట చేస్తరు, చిక్కుళ్లు వలుస్తరు. అమెరికాల అది కొత్త. వైల్డర్ తండ్రి హాంకాంగ్, షాంఘైలల్ల కాన్సల్‌గ పనిచేసిండు. వైల్డర్ చిన్నతనంల కొన్నాళ్లు చైనాలనే చదివిండు. చైనా నాటకంల కుర్చే కొండ, కొరడా పట్టుకుంటే గుర్రం.”

“అంత దూరమెందుకు? ఒగ్గు కథ చూడలేదా? మల్లన్న కథ చెప్పెటాయన గజ్జెలు కట్టుకొని ఒక్కడే లేస్తడు. భుజమ్మీది సెల్లా నెత్తి మీదికొస్తే ఆడామె, నడుముకు చుడితే రాజు. డోలు ఆగితె కథల నుంచి బయటికొచ్చి మనతోని ముచ్చట పెడ్తడు. నీ స్టేజి మేనేజరు చేసే పని గదే. మన పిల్లలకు నేర్పే పనే లేదు, యాది చేస్తె చాలు.”

కాస్త ధైర్యం వచ్చింది. “2009ల డేవిడ్ క్రోమర్ అనే దర్శకుడు న్యూయార్క్‌ల దీన్ని మళ్ల వేసిండు సార్. 600 ఆటల మీద నడిచింది. నటులు రోజువారీ బట్టలతోని, ప్రేక్షకుల నడుమనే. గిన్నె లేదు, పొయ్యి లేదు. ఎమిలీ వెనుకకు పోయిన ఘడియల తెర పక్కకు జరిగితే నిజమైన వంటిల్లు. పెనం మీద మాంసం వేగుతున్న వాసన హాలంతా. మన నాటకంల ఆ చోట జొన్నరొట్టె కాలే వాసన పెట్టాలె.”

“నీకు జొన్నరొట్టె. ఆ అపార్ట్‌మెంట్ పిల్లకు? ఆమెకు తల్లంటే కుక్కర్ కూత, లంచ్ బాక్స్ మూత పడే చప్పుడు. కింద స్కూల్ వ్యాను హారన్ కొడ్తుంటది. ఆ పిల్ల సచ్చి తిరిగొస్తె వెతుక్కునేది అదే. నాటకాన్ని 1960లల్ల పెడ్తె ఆమెను బయట నిలబెట్టినట్టే. అది ‘మా ఊరు’.”

“అయితే ఈ ఏటి దుండిగల్‌నే పెడ్త. పేరు ‘మన ఊరు’.”

“ఆగు. ‘మన’ అనుడు అంత అలకన కాదు. అదే కాలంల మన ఊరి మీద వచ్చిన నాటకం ఏంది?”

“‘మా భూమి’. 1947. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిండ్రు. ప్రజానాట్యమండలి ఆడింది.”

“తొమ్మిదేండ్లే తేడా. అక్కడ ఊరంత ఒకటే అన్న నమ్మకం మీద నాటకం లేసింది. ఇక్కడ దున్నెటోనికి భూమి లేదన్న నిజం మీద లేసింది. గడీల దొర కూసోనుండంగ, వెట్టి నడుస్తుండంగ ‘మన’ అంటే అబద్ధం. అందుకే వాళ్లు ‘మా’ అన్నరు. ఆ ‘మా’ల కోపమున్నది, న్యాయమున్నది.”

“వైల్డర్ గూడ దాన్ని తప్పించుకోలే సార్. ప్రేక్షకుల నడుమ నుంచి ఒకాయన లేసి, ఈ ఊర్ల అన్యాయం గురించి పట్టించుకునెటోళ్లు లేరా అని అడుగుతడు. ఎడిటరు ఏదో జవాబు చెప్తడు, కథ ముందుకు పోతది. రైలు పట్టాలకవతల పోలండు నుంచొచ్చినోళ్ల వాడ ఉంటది. పేరే వినబడ్తది, మనిషి కనబడడు.”

“మన అవతలి వాడ ఏది?”

“ఊరి చివరి వాడ. ఇప్పుడైతే అపార్ట్‌మెంట్లు కట్టెటందుకు ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినోళ్ల రేకుల షెడ్లు గూడ.”

“వాళ్లను ఎక్కడ కూసోబెడ్తవు?”

చాలాసేపు ఆలోచించాను. జవాబు మూడో అంకంలో దొరికింది.

“సచ్చినోళ్లు మూడు వరుసలల్ల మామూలు కుర్చీల మీద కూసుంటరు సార్. డాక్టరు భార్య ఉంటది. తాగి తాగి ఉరేసుకున్న పాటల మాస్టరు సైమన్ స్టిమ్సన్ గూడ అక్కడే ఉంటడు. బతికినన్నాళ్లు ఊరంత ఆయన గురించి గుసగుసలాడింది. బొందలగడ్డల అందరికీ ఒకటే తీరు కుర్చీ.”

“మన దగ్గర?”

“చాలా ఊళ్లల్ల సచ్చినంక గూడ వేరే. ఏ కులపోళ్ల బొందలగడ్డ వాళ్లది. అందుకే ఆ కుర్చీలను ఒక్క వరుసల ఏస్త. పటేలు పక్కన మాదిగామె, ఆమె పక్కన పరంజా మీదికెల్లి పడి సచ్చిన ఒడిశా కూలాయన. దాని మీద ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. కుర్చీలు పక్కపక్కన ఉంటయి, అంతే. ఆ దినం పెత్రమాస అనుకుందాం. పెద్దల పేరు మీద బియ్యమిచ్చే దినం, మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తే దినం.”

సార్ కళ్లద్దాలు తీసి పైపంచెతో తుడుచుకున్నారు.

“మొదటి అంకంల ఒక చిన్నపిల్ల ఉత్తరం ముచ్చట చెప్తది గద?”

“జార్జి చెల్లె రెబెకా. ఉత్తరం మీద చిరునామ: పొలం పేరు, ఊరు, జిల్లా, రాష్ట్రం, దేశం, ఖండం, భూగోళం, విశ్వం, చివరికి దేవుని మనసు.”

“మన సంకల్పం పైకెల్లి కిందికి దిగుతది. ద్వీపం, వర్షం, ఖండం, నదుల నడుమ చోటు, చివరికి గోత్రం, పేరు. రెండూ మనిషిని విశ్వంల నిలబెట్టెటందుకే. గని మనం దిగుకుంట దిగుకుంట గోత్రం కాడ ఆగుతం, ‘మా’ కాడ. ఆ పిల్ల ఎక్కుకుంట పోతది. నీ నాటకం గూడ అట్లనే నడవాలె. మొదటి అంకం ‘మా ఊరు’. వచ్చినోళ్లకు ఊరు చూపిస్తున్నం, అది నిజం. మూడో అంకం అయ్యేటాళ్లకు, ఆ కుర్చీల వరుస చూసినంక, చూసెటోళ్లే ‘మన’ అనుకోవాలె. పేరుల పెట్టి ముందే ఇచ్చేది కాదది.”

“అయితే పోస్టరు మీద ‘మా ఊరు’ అనే రాస్త సార్.”

“రాయి. మెత్తగ ఆడండి, తప్పు లేదు. కండ్లు మూసుకొని మాత్రం ఆడకండి.”

ఇంకో విమానం వెళ్లింది. మళ్లీ ఆ మౌనం. ఆ మౌనంలో నేను అమ్మ చేతులు చూశాను. మేం మాట్లాడుతున్నంతసేపూ అవి ఆగలేదు.

“అమ్మా, ఆ కాయలు పక్కకు పెట్టి, ఉత్త చేతులతోని ఒకసారి చేసి చూపిస్తవా? పిల్లలకు నేర్పాలె.”

“ఇదేం ఆట!” అని నవ్వింది గానీ చాట పక్కకు జరిపింది. ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య ఏమీ లేనిదాన్ని పట్టుకుంది. కుడి గోటితో కొన గిల్లింది. ఈనెను చివరిదాకా లాగి, కాయ తిప్పి, రెండో వైపు లాగింది. రెండుగా తుంచి ఒళ్లో వేసుకుంది. వేలికి అంటుకున్న ఈనెను కొంగుకు తుడుచుకుంది. రెండో కాయ. మూడోది. నవ్వు పోయి మొహం పనిలో పడింది.

నాలుగో దాని దగ్గర చేతులు ఆగాయి. లేని కాయను విప్పి వెలుగుకు పెట్టి చూసింది.

“ఇది పుచ్చింది,” అని అరుగు కిందికి పారేసింది.

సార్, నేను ఇద్దరం అరుగు కిందికి చూశాం.