చేను చెరువైంది

పెన్న ఒడ్డున ఎర్రనేలల ఊరు. ఆషాఢం సగమైనా మబ్బు పట్టడమే గానీ కురిసింది లేదు. అనంతపురం సీమలో ఏడాదంతా కలిపి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. శెనక్కాయ వేసే అదను తప్పితే ఆ ఏటికి పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అట్లాంటిది, ఒక రాత్రి ఉరుములతో వాన దిగింది.

ఏడో తరగతి చదివే పిల్ల తెల్లారీ తెల్లారకముందే చేని దిక్కు పరుగెత్తింది. తిరిగొచ్చి వాకిట్లోంచే అరిచింది.

"నాయనా, మన చేను చెరువైంది!"

తండ్రి విత్తనం కాయల మూట విప్పి, ఎద్దుల్ని గొర్రుకు కట్టబోయినాడు. గోడ అవతల పక్కింటాయన కూడా ఆ మాట విన్నాడు. ఇంకెవర్నీ అడక్కుండా తన గొర్రు తీసుకొని పోయినాడు.

అరుగు మీద కూర్చున్న అవ్వ పిల్లను దగ్గరికి పిలిచింది.

"అమ్మీ, చెరువే అయిందా, చెరువు మాదిరి ఉందా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "మాదిరి ఉందవ్వా."

"నీళ్లు యాడ నిలిచినాయి?"

"గెనిమ పక్క గుంతలో."

"చేనులో వేలు పెట్టి చూసినావా?"

చూడలేదు. తండ్రీ, అవ్వా, పిల్లా ముగ్గురూ కలిసి పోయినారు. పిల్ల చూపుడువేలు మట్టిలోకి గుచ్చింది. సగం వేలు దాకా తడి తగిలింది. ఆ కింద మన్ను పొడిపొడిగా, ఇంకా వెచ్చగా ఉంది. "మొలక రావడానికి చాలు, వేరు దిగడానికి చాలదు" అని తండ్రి ఎద్దుల్ని గొర్రుకు కట్టడం మానుకున్నాడు. పక్కింటాయన చేనులో మొలిచినవి మొలిచినట్టే మాడిపోయినాయి.

పిల్ల ముఖం చిన్నబోయింది. "అవ్వా, నేను అబద్ధం చెప్పినానా?"

"లేదమ్మీ. శానా దినాలకు వాన చూసిన సంబరం చెప్పినావు. ఆయప్ప దాన్ని పదును అనుకున్నాడు."

నీతి: ఒక మాట వింటే, అది దేన్ని చెప్పడానికి పుట్టిందో ముందు తెలుసుకోవాలి. బడిలో అలంకారాలు నేర్పేది ఇందుకే. "చేను చెరువులా నీళ్లతో నిండి ఉంది" అంటే ఉపమ. చేను ఉపమేయం, చెరువు ఉపమానం, నీళ్లతో నిండటం సమానధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ బయటికి కనిపిస్తాయి కాబట్టి పోలిక ఎంతవరకో వినేవాడు తేల్చుకోగలడు. "చేను చెరువైంది" అన్నప్పుడు రెంటికీ భేదం చెరిగిపోతుంది. అది రూపకం. చెప్పేవాళ్ల మనసు అందులోనే నిండుగా తెలుస్తుంది, కొలత మాత్రం తెలియదు. "సగం వేలు తడి, కింద పొడి మన్ను" అన్నది స్వభావోక్తికి దగ్గర. ఉన్నది ఉన్నట్టు చెప్పినా మట్టి కళ్ల ముందుకొస్తుంది.

అవ్వ రూపకాన్ని తప్పుపట్టలేదు. దాన్ని ఉపమగా విప్పింది, ఆ పైన వేలితో కొలిపించింది. పద్యం చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఈ గడ్డకు ఆ చదువు కొత్తదేమీ కాదు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధానిని ఈ సీమలోని పెనుకొండకు మార్చిన తిరుమలరాయలకే రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చాడు. ఆ కవే అలంకారాల మీద కావ్యాలంకార సంగ్రహమనే గ్రంథం రాశాడు. అయినా నేటి పిల్లలు పరీక్షలో లక్షణం వల్లించి, ఉదాహరణకు చంద్రబింబం లాంటి ముఖాన్నే రాస్తారు. వాళ్ల చుట్టూ ఉపమానాలకు కరువా? కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. "ఒక్క చెట్టే అడవి" అంటే ఎక్కడైనా అతిశయోక్తి అనుకుంటారు. ఎకరాల కొద్దీ పరుచుకున్న ఆ ఊడల మధ్య నిలబడి చెప్తే, అది దాదాపు ఉన్నమాటే. పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి, ఈ రెంటికీ ఎల్ల ఎక్కడో వాళ్లనే తేల్చమనాలి.