లెక్కింపరాని సంఖ్యను నమ్మవచ్చునా?

తాటిపాక మొదలగు కోనసీమ గ్రామములలో కొబ్బరికాయల వెలను వేయి కాయల కింతయని చెప్పుట వాడుక. వేయి యనగా నెంత రాశియో అచ్చటి పిల్లవానికిని తెలియును. కాని యెవ్వరును కన్నులార చూడజాలని సంఖ్యను చెప్పి, దీనిని నమ్ముమన్నచో నేమి చేయవలెను? పెద్దలు చెప్పిరని యంగీకరింపవలెనా? చూడలేదని త్రోసిపుచ్చవలెనా? ఈ ప్రశ్న గణితమునకు మాత్రమే చెందినది కాదు.

చదరంగపు మొదటి గడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులను రెట్టింపుగా నింపినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలగును. శరములు, చంద్రుడు, వేదములు మొదలగు పేళ్లతో అంకెలను సూచించుచు ఈ సంఖ్యను నిమిడ్చిన తెలుగు పద్యమొకటి, గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైయున్నది. సెకండునకొక గింజ చొప్పున రేయింబవళ్లు లెక్కించినను 58,000 కోట్ల సంవత్సరములకు మించి పట్టును. విశ్వము వయస్సన్ననో సుమారు 1,380 కోట్ల సంవత్సరములే. కావున దీనిని లెక్కించి చూచినవాడు లేడు, ఉండబోడు.

అయినను మనము దీనిని నిస్సంశయముగా నెరుగుదుము. మొత్తమునకు మఱియొక గింజను చేర్చుడు. అది మొదటి గడిలోని గింజతో కలిసి రెండగును. ఆ రెండును రెండవ గడిలోని రెంటితో కలిసి నాలుగగును. ఆ నాలుగును మూడవ గడిలోనివానితో కలిసి యెనిమిదగును. ఇట్లు 64 గడులును దాటినచో, 65వ గడియే యుండిన దానియందుండదగిన సంఖ్య వచ్చును. మన మొత్తము దానికంటె నొకటి తక్కువ. ఈ యుక్తిని గ్రహించుటకు పాండిత్యమక్కరలేదు. గుప్పెడు గింజలు చాలును.

ఇక గొప్పవారి మాట యెంతవరకు ప్రమాణమో ఈ సంఖ్యయే చెప్పుచున్నది. దీనిని రెండు సంఖ్యల లబ్ధముగా విడదీయవచ్చును: 4,29,49,67,295 ఒకటి, 4,29,49,67,297 రెండవది. ఈ రెండవదానిని మఱే సంఖ్యయు నిశ్శేషముగా భాగింపజాలదని ఫ్రాన్సు దేశపు మహాగణితజ్ఞుడు ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలరు 641 చేత భాగించి చూపెను, లబ్ధము 67,00,417. ఇందువలన ఫెర్మా కీర్తి తగ్గలేదు. గణితమునందు కీర్తి సాక్ష్యము కాదని మాత్రము స్పష్టమైనది.

అన్నిటిని మనమే పరీక్షింపగలమా యని కొందరడుగుదురు. పరీక్షింపలేము. వైద్యుని, ఉపాధ్యాయుని నమ్మకయే సంసారము సాగదు. కాని పరీక్షకు తలుపు తెరచియుంచు మాట వేఱు, ప్రశ్నించుటయే పాపమను మాట వేఱు. మొదటిదానిని నమ్ముట వివేకము; రెండవదానికి లొంగుట దాస్యము.

ఈ భేదము నెరుగకుండుటవలని నష్టము మన యిండ్లలోనే కలదు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ స్వల్పమని తోచును. నెలనెల వడ్డీని అసలులో చేర్చుచు పోయినచో మూడేండ్లలో అప్పు రెట్టింపునకు మించును. ముప్పదియేండ్లలో వేయి రెట్లు దాటును. చదరంగపు మొదటి గడులవలెనే మొదటి యేండ్లును భయపెట్టవు. పత్రముపై వ్రేలిముద్ర వేయు నాడు ఋణదాత మాటయే లెక్కయైనచో, తండ్రి చేసిన సంతకమునకు బిడ్డలు పొలమిచ్చుకొనవలసివచ్చును.

కావున ఇంటిలోని ఆడుపిల్లలకును మగపిల్లలకును ఎక్కములను వల్లెవేయించుటతో తృప్తినొందరాదు. ఎందుకని బిడ్డ యడిగినపుడు పెద్దలు చెప్పిరని నోరు మూయింపక, ఆ యొక్క గింజను చేర్చి చూపవలెను. అట్లు పెరిగిన బిడ్డ పత్రమును చదివియే సంతకము చేయును.