గూడు విడిచినది, కొమ్మ విడువనిది

పఠనము: కీర్తన 22:1–8, యెషయా 1:18

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు జ్ఞాపకము వచ్చును. ఆ పట్టణము చుట్టునున్న సింగ్‌భూం అడవులలో కొలిమి లేకయే పనిచేయు పురుగులు రెండు కలవు: దసలి పట్టుపురుగు, లక్కపురుగు.

దసలి పురుగు మద్ది ఆకులు మేసి, కొమ్మకు కాడతో వ్రేలాడు గట్టి గూడు అల్లుకొనును. కాలము వచ్చినప్పుడు దానిని తొలుచుకొని రెక్కలతో వెలుపలికి వచ్చును. ఈస్టరు ప్రసంగములలో ఈ పోలికకు చోటు దొరకుచుండును. అయితే గూటిలోని పురుగు చనిపోదు, రూపు మాత్రమే మారును. క్రీస్తు నిజముగా మరణించెను. పైగా, రెక్కల పురుగు చీల్చుకొని వచ్చిన గూటినుండి తెగని దారము రాదని ఖర్సావాన్, చాయ్‌బాసా ప్రాంతములలో దారము తీయువారు ఎరుగుదురు. విత్తనమునకు ఉంచినవి తప్ప, తక్కిన గూళ్లలోని ప్రాణము ఎగురకమునుపే వేడికి బలియగును. ప్రసంగికులు ఈ సంగతి సాధారణముగా చెప్పరు.

ఆడ లక్కపురుగు కథ వేరు. అది మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేతకొమ్మలో నోరు గ్రుచ్చి కుదురుకొనును. తొలి కుబుసముతోనే దాని కాళ్లు పోవును. ఇక అది కదలదు. ఒంటినుండి స్రవించిన జిగురు దానిపై గట్టిపడి లక్కయగును. ఆ కప్పు క్రిందనే వందలకొలది పిల్లలనిచ్చి, అక్కడనే చనిపోవును. ఎఱ్ఱని ఆ చిన్న పిల్లలు తల్లి ఉన్న చోటినుండియే బయలుదేరి క్రొత్త కొమ్మను వెదకుకొనును. దాని ఎరుపే పూర్వము పెండ్లికూతుల పాదములకు పూసిన లత్తుక. రాంచీ సమీపమున నామ్‌కుంలో 1924లో స్థాపింపబడిన పరిశోధన సంస్థ పుట్టినది ఈ అల్పప్రాణి కొరకే.

బైబిలు దేశములలో దీని బంధువు ఒకటి సింధూరవృక్షములపై బ్రదుకును. ప్రత్యక్షగుడారపు తెరల రక్తవర్ణము అట్టి పురుగునుండి తీసినదే. హెబ్రీ భాషలో పురుగునకును ఆ ఎరుపునకును మూలము ఒకే మాట. తెలుగులో అది కీర్తన 22:6లో పురుగైనది, యెషయా 1:18లో కెంపైనది. అనువాదకుల తప్పు కాదు. రెండర్థములను మోయగల మాట మనకు లేదు. యోనా సొరచెట్టును తొలిచినదానికిని అదే పేరు గనుక, కీర్తనకారుడు ఎఱ్ఱపురుగునే తలచెనని రూఢిగా చెప్పరాదు.

ఆ కీర్తనయొక్క మొదటి మాటలే ప్రభువు సిలువపై పలికెను. చూచుచున్నవారు ఆయనను దిగి రమ్మని, తన్ను తాను రక్షించుకొమ్మని అపహసించిరి. ఆయన దిగలేదు.