మృతుల ఆజ్ఞ

చచ్చిన వీరుణ్ణి తిరిగి లేపడం అమెరికా బొమ్మల పుస్తకాల వ్యాపారంలో మామూలు విషయం. 1992 చివర సూపర్‌మాన్‌ను చంపారు. మరుసటి ఏడాదే లేపారు. లాభం తెచ్చే పాత్రను శాశ్వతంగా పూడ్చిపెట్టడానికి ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? 2009లో డీసీ కంపెనీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. "బ్లాకెస్ట్ నైట్" అనే కథామాలికలో చచ్చిన వీరులు నల్ల ఉంగరాలు తొడుక్కుని లేచివచ్చి, తమకు కావలసినవారి గుండెలనే పెకలిస్తారు. ఇదంతా చవకబారు భయానకమని పక్కకు నెట్టే విమర్శకులతో నాకు పేచీ ఉన్నది. చవకబారుతనం లేదనను. కాని తెలిసో తెలియకో ఆ పుస్తకాలు ఒక ప్రశ్న వేస్తున్నాయి. చనిపోయినవారికి బతికినవారిమీద ఎంత అధికారం ఉన్నది?

ఈ ప్రశ్నను ఇంతకంటె సూటిగా వేసిన పాత్ర 1967లోనే పుట్టింది. పేరు డెడ్‌మాన్. సర్కసులో ఎత్తున వేలాడే ఉయ్యాలల మీద విన్యాసాలు చేసే బాస్టన్ బ్రాండ్‌ను ఆట నడుస్తుండగానే ఎవడో తుపాకితో కాల్చి చంపుతాడు. రామ కుష్నా అనే దేవత (మన దేవుళ్ళ పేర్లు రెండింటిని నలిపి ముద్దచేసినట్టు లేదూ!) హంతకుణ్ణి వెతుక్కొమ్మని అతని ఆత్మకు వరమిస్తుంది. ఆత్మకు చేతులు లేవు. కనుక బతికివున్న ఎవరి ఒంట్లోనో దూరి, వాళ్ళ చేతులతో కొట్టి, పని కాగానే వదిలిపోతాడు. ఆ మనిషికి తానేం చేసిందీ గుర్తుండదు.

జానపద వీరగాథలూ పూనకాలూ పాఠం చెబుతూ ఒకసారి తరగతిలో ఈ కథ చెప్పాను. వెనకబల్ల కుర్రవాడొకడు లేచి, "పూనకం వచ్చినోడు మనిషిని చంపితే జైలుకు ఎవురు పోతారు సార్?" అన్నాడు. కొందరు నవ్వారు. కొన్ని ఊళ్ళ పిల్లలు నవ్వలేదు.

కర్నూలు, కడప సీమల్లో ఇది హాస్యానికి అడిగే ప్రశ్న కాదు. తండ్రి హత్యకు గురైననాడు కొడుకు చంకలో ఉంటాడు. దండవేసిన పటం కింద పెరుగుతాడు. "మీ నాయన ఆత్మకు శాంతి లేదు" అని వాడికి చెప్పేది నాయన కాదు. చిన్నాయనో, మేనమామో, కక్ష సాగితే తప్ప పెత్తనం సాగనివాడింకెవడో చెబుతాడు. ఊరిమీద పట్టు, ప్రభుత్వ పనుల కాంట్రాక్టులు, గనులు, ఒకప్పుడు సారా వేలంపాటలు - వీటికోసం జరిగే పోరుకు చచ్చినవాడి పేరు తగిలిస్తే అది ధర్మమై కూర్చుంటుంది. మానవహక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ సీమ ముఠాలను ఆధిపత్యంతోను, కాంట్రాక్టులతోను ముడిపెట్టి పరిశీలించాడు. మన ముఠా సినిమాలు మాత్రం 1999 నాటి "సమరసింహారెడ్డి" మొదలు దాన్ని రక్తగుణంగా, పౌరుషంగా చూపించి డబ్బు చేసుకున్నాయి. ఈ ఇరవై యేళ్ళలో హత్యలు తగ్గినమాట నిజమే. పటాలు మాత్రం గోడ దిగలేదు.

ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఊరందరికీ తెలుసు. నాటుబాంబు విసిరే చెయ్యి పటమున్న ఇంటివారిది కాదు. రెండెకరాల మెట్టలో వేరుశనగ వేసి, వాన రాక, పెద్దమనిషి నీడకు చేరినవాడిది. చచ్చినవాడు దూరే శరీరం వాడే. జైలుకు పోయేదీ వాడే. వాడే చస్తే వాడి పేరుమీద ఎవరూ కత్తి పట్టరు. చచ్చినవాడికి కోరిక లేదు. ఉండే వీలు లేదు. బతికినవాడి కోరికకు చచ్చినవాడి గొంతు అరువు తెస్తున్నారు. తన తప్పుకు తాను జవాబుదారీ కాకుండా తప్పించుకోవడానికి ఇంతకంటె మంచి ఉపాయం భావవాదం ఇంతవరకు కనిపెట్టలేదు.

అయితే మృతులను మరిచిపోవడమే అభ్యుదయమా అని అడిగేవారుంటారు. అడగవలసిందే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, అతని తలను 1877 దాకా అక్కడి కోట గుమ్మానికి వేలాడదీశారు. చచ్చినవాడు రోజూ లేచివచ్చి బతికినవారిని బెదిరించాలని ఈస్టిండియా కంపెనీవారి ఆలోచన. (కంపెనీలకు మృతులతో పని ఎప్పుడూ ఉంటుంది.) జనం అదే మృతుణ్ణి మరో విధంగా లేపుకున్నారు, పాట కట్టుకుని. ఈ రెండు పునరాగమనాలు ఒకటి కావు. తల "భయపడు" అన్నది. పాట ఏమన్నదో చూడవలసి ఉన్నది.

నరసింహారెడ్డికి కంపెనీతో తగవు నెలకు పదకొండు రూపాయల చిల్లర తవర్జీ దగ్గర మొదలైంది. కాని 1846 జూలైలో అతనివెంట కోయిలకుంట్ల ఖజానామీదికి నడిచినవారిలో ఊరి కావలికి ప్రతిఫలంగా అనుభవించే మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడివారు ఉన్నారు. వారు అడిగింది పగ కాదు, బాకీ. పగకు ఎప్పుడూ ఇంకొక శరీరం కావాలి. డెడ్‌మాన్ కథే చూడండి, వెతికిన హంతకుడు పోయాక కూడా అతని సంచారం ఆగలేదు, పుస్తకాలు నడుస్తూనే ఉన్నాయి. బాకీ అలా కాదు. దానికి లెక్క ఉంటుంది, సాక్ష్యం ఉంటుంది, తీరడమనేది ఉంటుంది. ఆత్మలను పిలవనక్కరలేదు, దస్తావేజులు చాలు. మృతుల తరఫున బతికినవారిమీద నేను ఒప్పుకోగల అధికారం ఇంతమాత్రమే.

ఇప్పుడు నరసింహారెడ్డి బాగానే లేచివచ్చాడు. 2019లో "సైరా" సినిమా తీశారు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి అతని పేరు పెట్టారు. సంతోషం. అయితే తెరమీద కత్తి మెరిసినంతగా మాన్యాలు కనిపించవు. ఆ తిరుగుబాటులో వందమందికి పైగా శిక్షలు పడ్డాయి. వారి భూములు ఎవరి పట్టాల్లో కలిసిపోయాయో పాత రికార్డులు తిరగేసి వెతకదలచిన పరిశోధక విద్యార్థి ఎవరైనా ఉంటే, వేసవి సెలవులన్నీ అతనితో కూర్చోవడానికి నేను సిద్ధం.