యూసుఫ్ అడిగిన ప్రశ్న

మా మొహల్లా చాయ్ హోటల్లో ఓరోజు ఒక కుర్రాడి ప్రస్తావన వచ్చింది. కొన్నేళ్లు జైల్లో ఉండి, నిర్దోషిగా తిరిగొచ్చాడు. లోపలే డిగ్రీ పాసయ్యాడు. "చూశారా భాయ్, జైలే వాణ్ణి మనిషిని చేసింది" అన్నాడొక పెద్దాయన. అందరం తలలూపాం. ఇంటికొచ్చాక నాకు సిగ్గేసింది. అంతకుముందు వాడు మనిషి కాడా?

జైలు మనిషిని ఎదగనిస్తుందా? ఈ ప్రశ్నకు చాలామంది మాల్కం ఎక్స్‌ని చూపిస్తారు. 1946లో దొంగతనం కేసులో జైలుకెళ్లేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. ఎనిమిది నుంచి పదేళ్ల శిక్ష. నార్ఫోక్ జైల్లో నిఘంటువును మొదటి పేజీ నుంచి చేత్తో రాసుకుంటూ మాటలు నేర్చుకున్నాడు. రాత్రి పదికి దీపాలార్పేస్తే, వరండాలోంచి గదిలోకి పడే వెలుతురులో చదివాడు. కాపలావాడి అడుగుల చప్పుడు వినపడితే మంచమెక్కి నిద్ర నటించేవాడు. 1952లో బయటికొచ్చేసరికి అతను వేరే మనిషి. నిజమే. కానీ జైలు ఇచ్చింది చీకటి. చదివింది అతను. అతనికి అక్కరకొచ్చింది శిక్ష కాదు, ఆ జైల్లో ఉన్న మంచి గ్రంథాలయం.

మాల్కం నేరం చేశాడు. చేయనివాడి సంగతి? అబ్దుల్ వాహిద్ షేక్ ముంబైలో బడిపంతులు. 2006 రైలు పేలుళ్ల కేసులో అరెస్టయ్యాడు. జైల్లోనే న్యాయశాస్త్రం చదివాడు. 2015లో కోర్టు అతణ్ణి నిర్దోషి అంది. 'బేగునాహ్ ఖైదీ' అని ఉర్దూలో పుస్తకం రాశాడు. అదే కేసులో శిక్ష పడిన పన్నెండు మందినీ 2025 జూలైలో బొంబాయి హైకోర్టు నిర్దోషులని తేల్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పిల్లలకు పాఠాలు చెప్పేవాడికి జైలు కొత్తగా ఏ సంస్కారం నేర్పాలి? చట్టం తన మీద పడింది గనక చట్టం చదువుకున్నాడు. ఆ చదువు అతని కష్టార్జితం. పోయిన తొమ్మిదేళ్లు మాత్రం ఈ దేశం అతనికి పడ్డ బాకీ. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేస్తే ఎలా?

ఇంకొకరున్నారు. ఏ డిగ్రీ లేకుండా, ఏ పుస్తకం రాయకుండా, నిద్రలో ఉలిక్కిపడుతూ తిరిగొచ్చినవాళ్లు. ఎదిగినవాళ్లకే దండలేస్తే వీళ్లకు రెండోసారి శిక్ష వేసినట్టే. దేశభక్తికి సర్టిఫికెట్ చూపించమంటే ముస్లింలం ఎన్నేళ్లుగానో చూపిస్తూనే ఉన్నాం. ఇప్పుడు పడ్డ బాధక్కూడా సర్టిఫికెట్ తేవాలా?

జైల్లో పుస్తకాలు వద్దనడం లేదు. దూరవిద్యా కేంద్రాలు జైళ్లలోకి రావడం మంచిదే. 2022 చివరికి మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివాళ్లు. వాళ్లకు పుస్తకం, దీపం, పరీక్ష రాసే వీలు హక్కుగా దక్కాలి, దయగా కాదు. చదివినా చదవకపోయినా విచారణ మాత్రం త్వరగా జరగాలి.

మన పెద్దలు జైలుని 'యూసుఫ్ మద్రసా' అంటారు. చేయని తప్పుకి యూసుఫ్ పైగంబర్ ఏళ్ల తరబడి ఖైదులో ఉన్నారు గనక ఆ పేరు. కానీ ఖురాన్‌లోని ఆ కథను మరోసారి చదవండి. ఆయనకు జ్ఞానం జైలుకెళ్లకముందే దక్కింది. రాజు కలకు అర్థం చెప్పాక విడుదల కబురొచ్చింది. ఆయన పరుగెత్తుకు రాలేదు. కబురు తెచ్చినవాణ్ణి వెనక్కి పంపారు. చేతులు కోసుకున్న ఆ ఆడవాళ్ల సంగతేమిటో ముందు అడగమన్నారు. నిజం తేలాకే బయటికొచ్చారు.

జ్ఞాని అనిపించుకోవడం ఆయనకు చాలలేదు. నిర్దోషినని తేల్చమన్నారు. ఆ పెద్దాయన మళ్లీ చాయ్ హోటల్లో కనపడితే ఈ మాటే చెప్పాలి. ఈసారి తలూపను.