పొత్తు – వెలి: ఆంగ్లికన్ సంఘాల మధ్య విభేదంలోని నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

తెలుగులో ‘పొత్తు’ అనే మాటకు భాగస్వామ్యం, కూటమి అనే అర్థాలతో పాటు కలిసి భుజించడం అనే అర్థం కూడా ఉంది. కంచం పొత్తు, మంచం పొత్తు అనే జంట పదాలు రెండు కులాల మధ్య సంబంధం ఎంతవరకు చెల్లుతుందో చెప్పడానికి వాడుకలో ఉన్నాయి. పల్నాటి వీరగాథా సంప్రదాయంలో బ్రహ్మనాయుడి చాపకూడు నేటికీ ప్రస్తావనకు రావడానికి కారణం ఇదే. పంక్తిలోని చోటే మనిషి స్థానాన్ని నిర్ణయించే సమాజంలో అది ఆ పంక్తినే మార్చింది. ‘వెలి’ దీనికి ఎదురుమాట. వెలి అంటే కేవలం బయట ఉండటం కాదు. నిన్నటిదాకా లోపల ఉన్నవారిని ఇకపై లోపలివారు కారని పదిమంది కలిసి ప్రకటించడం, నిప్పూ నీళ్లూ పుట్టకుండా చేయడం.

క్రైస్తవ పరిభాషలోని ‘కమ్యూనియన్’ అనే పదంలోనూ సంబంధం, భోజనం అనే రెండు అర్థాలూ కలిసి ఉన్నాయి. తెలుగు క్రైస్తవులు సందర్భాన్ని బట్టి సహవాసమనీ, ప్రభు భోజనమనీ వేర్వేరు మాటలతో దాన్ని చెప్పుకుంటారు. ‘ఆంగ్లికన్ కమ్యూనియన్’ పేరుతో 160కి పైగా దేశాల్లో విస్తరించిన 42 సభ్యసంఘాల కూటమి గత రెండు దశాబ్దాలుగా ఈ పొత్తుకూ వెలికీ మధ్య ఊగిసలాడుతోంది. సమాన హోదా కలిగిన సంఘాలలో కొన్ని మరొక సంఘాన్ని వెలివేయవచ్చునా, వేయవచ్చునంటే ఏ అధికారంతో, ఏ షరతులకు లోబడి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వివాహ సిద్ధాంతంలో ఎవరి వ్యాఖ్యానం సరైనదో తేల్చడం దీని ఉద్దేశం కాదు. తాను సరైన పక్షాన ఉన్నానని నమ్మే సంఘానికి సైతం ఎదుటి సంఘం పట్ల ఉండవలసిన బాధ్యతే ఇక్కడ చర్చనీయాంశం.

కేంద్రం లేని కూటమి

రోమన్ కథోలిక సంఘంలో పోపుకు ఉన్నటువంటి అధికారం ఆంగ్లికన్ వ్యవస్థలో ఎవరికీ లేదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు సమానులలో ప్రథముడు మాత్రమే. ప్రతి జాతీయ సంఘానికీ తన శాసనసభ, తన నిబంధనావళి ఉంటాయి. సుమారు పదేళ్లకొకసారి జరిగే లాంబెత్ మహాసభ తీర్మానాలకు నైతికమైన బరువే గాని చట్టబద్ధమైన బలం లేదు. కేంద్ర శాసనాధికారం వల్ల కాక పరస్పర విధేయత వల్ల నిలిచే కూటమిగానే 1930 నాటి మహాసభ ఆంగ్లికన్ సహవాసాన్ని నిర్వచించింది.

ఈ మహాసభ పుట్టుకకు దారితీసిన కారణాలలో ఒక వెలి ఉండటం గమనార్హం. దక్షిణాఫ్రికాలోని నటాల్ బిషప్పు జాన్ విలియం కొలెన్సో బైబిలును జులూ భాషలోకి అనువదిస్తున్నప్పుడు, ఆయనకు సహకరించిన విలియం ఎన్గిడి అనే జులూ క్రైస్తవుడు జలప్రళయ కథనం అక్షరాలా నిజమేనా అని అడిగాడు. ఆ ప్రశ్నను దాటవేయలేకపోయిన కొలెన్సో 1862 నుండి పంచకాండాలపై విమర్శనాత్మక గ్రంథాన్ని ప్రకటించాడు. కేప్‌టౌన్ బిషప్పు రాబర్ట్ గ్రే 1863లో విచారణ జరిపి ఆయనను పదవీచ్యుతుణ్ణి చేశాడు. ఆ తీర్పు ఇచ్చే అధికారం గ్రేకు లేదని 1865లో ప్రీవీ కౌన్సిల్ న్యాయసంఘం నిర్ణయించింది. గ్రే మరుసటి ఏడాది ఆయనను సంఘం నుండే బహిష్కరించినట్లు ప్రకటించాడు. ఈ కలవరం నడుమ 1867లో ఆర్చిబిషప్పు లాంగ్లీ తొలి లాంబెత్ మహాసభను పిలిచాడు.

కొలెన్సో అనంతర జీవితం ఈ తీర్పుపై మరొక వెలుగు ప్రసరిస్తుంది. వలస ప్రభుత్వం జులూ ప్రజలకు చేసిన అన్యాయాలను ఆయన బహిరంగంగా ఎదిరించాడు. జులూలు ఆయనను ప్రజల తండ్రి అనే అర్థంలో ‘సొబాంటు’ అని పిలిచారు. సిద్ధాంత దృష్టితో వెలివేసిన సంఘానికి ఆయనలోని ఈ పార్శ్వాన్ని తూచే త్రాసు లేకపోయింది. ఒక వ్యక్తినిగాని ఒక సంఘాన్నిగాని ఒకే అంశంతో కొలిచి బయటికి పంపడంలో ఉన్న మొదటి ప్రమాదం ఇది.

తీర్మానం నుండి చీలిక వరకు

1998 లాంబెత్ మహాసభ వివాహం స్త్రీపురుషుల మధ్య జరిగే జీవితకాల బంధమని, స్వలింగ సంపర్కం లేఖనానికి విరుద్ధమని 526–70 ఓట్లతో తీర్మానించింది. 45 మంది తటస్థంగా ఉన్నారు. అదే తీర్మానం స్వలింగ ప్రవృత్తి కలిగిన వ్యక్తుల అనుభవాన్ని వినడానికి సంఘం కట్టుబడి ఉండాలని కూడా చెప్పింది. 2003లో అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘం, పురుష సహచరుడితో జీవిస్తున్న జీన్ రాబిన్సన్‌ను న్యూహాంప్‌షైర్ బిషప్పుగా అభిషేకించింది. 2005లో ప్రధాన బిషప్పులు అమెరికా, కెనడా సంఘాలను సలహా మండలి నుండి స్వచ్ఛందంగా తప్పుకోమని కోరారు. అదే ఏడాది నైజీరియా సంఘం తన రాజ్యాంగంలో కాంటర్‌బరీతో ఉన్న సంబంధాన్ని సూచించే మాటలను తొలగించింది. 2008లో జెరూసలేములో ‘గాఫ్‌కాన్’ వేదిక ఏర్పడింది. ఆ సంవత్సరపు లాంబెత్ మహాసభకు 200 మందికి పైగా బిషప్పులు రాలేదు. రాబిన్సన్‌కు ఆహ్వానమే అందలేదు. విభేదాలను పరిష్కరించే పద్ధతిని సూచిస్తూ రూపొందిన ఆంగ్లికన్ ఒడంబడిక 2012లో ఇంగ్లండులోని అధ్యక్ష ఖండాలలోనే మెజారిటీ పొందలేకపోయింది.

2016 జనవరిలో ప్రధాన బిషప్పులు ఎపిస్కోపల్ సంఘానికి మూడేళ్లపాటు వర్తించే పరిమితులను ప్రకటించారు. ఆ సంఘం ఇతర క్రైస్తవ శాఖలతో చర్చల్లో కూటమికి ప్రాతినిధ్యం వహించరాదు. సిద్ధాంతం, పాలనలకు సంబంధించిన నిర్ణయాలలో పాల్గొనరాదు. మరుసటి ఏడాది వివాహ నిబంధనను మార్చుకున్న స్కాట్లండు సంఘానికీ ఇటువంటి పరిమితులే వర్తించాయి. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘమే స్వలింగ జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలను సమర్థించడంతో, ప్రధానంగా ఆఫ్రికా, ఆసియా ప్రాంతాల సంఘాల కూటమి కాంటర్‌బరీ ఆర్చిబిషప్పును ఇక ప్రథముడిగా గుర్తించలేమని ప్రకటించింది. ఒకప్పుడు కేంద్రం అంచును నియంత్రించింది. ఇప్పుడు అంచు కేంద్రాన్నే నిరాకరించింది.

ఇరుపక్షాల వాదబలం

వెలిని సమర్థించేవారి వాదాన్ని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. ఉమ్మడి కుటుంబంలో ఒకరు తీసుకున్న నిర్ణయం అందరి పేరుమీదా చెల్లుతున్నప్పుడు, తక్కినవారిని అడగకుండా ఆ నిర్ణయం తీసుకోవడం స్వేచ్ఛ అనిపించుకోదు. ముస్లిములు అధికంగా ఉన్న ప్రాంతాలలో జీవించే ఆఫ్రికా క్రైస్తవులు, అమెరికాలో జరిగిన అభిషేకానికి తాము జవాబు చెప్పుకోవలసి వస్తోందని వాపోయారు. దీని వెనుక చరిత్ర కూడా ఉంది. 1864లో తొలి ఆఫ్రికన్ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన సామ్యూల్ అజాయి క్రౌథర్ చివరి దశలో యూరోపియన్ మిషనరీల చేతిలో అవమానితుడై 1891లో మరణించాడు. తమకు బోధించిన సిద్ధాంతాన్ని బోధించినవారే మార్చి, మారనివారిని వెనుకబడినవారని అనడంలో పాత ఆధిపత్యమే కొత్త వేషంలో కనిపించడం సహజం.

ఎదుటి పక్షం వాదమూ బలహీనమైనది కాదు. పరస్పర సమ్మతి కోసం వేచి ఉంటే ఏ సంస్కరణా జరగదని వారంటారు. 1888 మహాసభ బహుభార్యలు గల పురుషులకు బాప్తిస్మం నిరాకరించింది. వారిని చేర్చుకోవాలని కొలెన్సో అంతకు ముందే వాదించి విమర్శల పాలయ్యాడు. సరిగ్గా నూరేళ్లకు, 1988 మహాసభ కొన్ని షరతులతో వారికి తలుపు తెరిచింది. 1920లో తిరస్కరించిన గర్భనిరోధాన్ని 1930లో పరిమితంగా అంగీకరించింది. 1944లో హాంగ్‌కాంగ్ బిషప్పు రోనాల్డ్ హాల్, ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్‌కి గురుత్వాభిషేకం చేసినప్పుడు వ్యతిరేకించిన ఇంగ్లండు సంఘం, యాభై ఏళ్లకు స్త్రీలను తానే అభిషేకించింది. ఈ మార్పులన్నీ ఒకే కోవకు చెందవని సంప్రదాయవాదులు చెప్పడం సబబే. ఒక విషయంలో అభిప్రాయం మారినంత మాత్రాన ప్రతి విషయంలోనూ మారవలసిందేనని తేలదు. అయితే నేటి తీర్పు రేపు మారవచ్చునన్న ఎరుక మాత్రం ఈ చరిత్ర నుండి తప్పక కలగాలి. ఆ ఎరుక కలిగినవారు వేసే శిక్ష, తిరిగి సరిదిద్దుకోవడానికి వీలున్న శిక్షే కావాలి.

వెలికి మూడు కొలతలు

ఈ వాదాల నుండి, వెలి నైతికంగా నిలవడానికి మూడు షరతులను గుర్తించవచ్చు. మొదటిది, తీర్పు చెప్పేవారి అధికారాన్ని తీర్పు పొందేవారు ముందే అంగీకరించి ఉండాలి. మత్తయి సువార్త 18వ అధ్యాయం తప్పు చేసిన సహోదరునితో మొదట ఒంటరిగా, తర్వాత సాక్షులతో, ఆ పిమ్మటే సంఘం ముందు మాట్లాడమంటుంది. వెలి అక్కడ చివరి మెట్టు. కొలెన్సో విషయంలో ఈ షరతు నెరవేరలేదు. 2016 పరిమితుల విషయంలోనూ ప్రధాన బిషప్పుల అధికార పరిధి వివాదాస్పదంగానే మిగిలింది.

రెండవది, తిరిగివచ్చే దారి ఉండాలి. ఈ కొలతకు 2016 నిర్ణయం కొంతవరకు నిలుస్తుంది. దానికి గడువుంది, అది బల్ల నుండి లేపలేదు, కలిసి నడవాలన్న కోరికనే ప్రకటించింది. నిర్ణయాలలో పాల్గొనే హక్కును కొంతకాలం ఆపడం వేరు, భోజనపు బల్ల నుండి లేపడం వేరు. మొదటిది భేదానికి గుర్తు. రెండవది సంబంధానికి ముగింపు.

మూడవది, వెలి మూల్యాన్ని నిర్ణయం తీసుకున్నవారే భరించాలి. ఆంగ్లికన్ వివాదం ఎక్కువగా తప్పిన కొలత ఇదే. సంఘాలు పరస్పరం వెలివేసుకుంటున్నప్పుడు, ఆ సంఘాల లోపల ఉన్న స్వలింగ ప్రవృత్తి గల విశ్వాసుల మాట దాదాపు ఎక్కడా వినిపించలేదు. 1998 తీర్మానంలోని మొదటి సగాన్ని ఉదాహరించేవారు రెండవ సగాన్ని మరచిపోయారు. 2023లో ఉగాండా ప్రభుత్వం స్వలింగ సంబంధాలపై కఠినమైన చట్టం తెచ్చినప్పుడు, మరణశిక్షను అంగీకరించకపోయినా ఆ దేశపు సంఘ నాయకత్వం చట్టాన్ని స్వాగతించింది. కాంటర్‌బరీ నుండి ఆవేదన వ్యక్తమయింది గాని, ప్రాతినిధ్యంపై ఏ పరిమితీ రాలేదు. ఆశీర్వదించినందుకు పరిమితులు విధించి, జైలుకు పంపే చట్టాన్ని స్వాగతించినందుకు విధించని వ్యవస్థ తన కొలతల గురించి తానే ప్రశ్నించుకోవలసి ఉంటుంది. ఉదార పక్షమూ ఈ కొలతకు అతీతం కాదు. అమెరికాలో మనస్సాక్షి కారణంగా విడిపోయిన పలు స్థానిక సంఘాలు తరతరాలుగా ఆరాధించిన మందిరాలను న్యాయస్థానాలలో కోల్పోయాయి.

తెలుగు నేలపై ఒక దృష్టాంతం

ఈ ప్రశ్నకు సంబంధించిన భిన్నమైన అనుభవం ఆంగ్లికన్ చరిత్రలోనే, తెలుగు నేలపై ఉంది. దోర్నకల్ బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. 1919 తరంగంబాడి సమావేశం నుండి ఆయన కృషి చేసిన సంఘైక్యం, ఆయన మరణించిన రెండేళ్లకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. బిషప్పుల చేతుల మీదుగా అభిషేకం పొందని మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ గురువులను మళ్లీ అభిషేకించకుండానే ఇందులో చేర్చుకున్నారు. ఫలితంగా దోర్నకల్‌తో సహా నాలుగు ఆంగ్లికన్ అధ్యక్ష ఖండాలు ఆంగ్లికన్ సహవాసానికి వెలుపలికి వెళ్లవలసి వచ్చింది. పొరుగువారితో పొత్తు కోసం దూరపు తల్లిసంఘంతో పొత్తును అవి పణంగా పెట్టాయి. 1948 మహాసభ కొత్త గురువుల విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 1955లో ఇంగ్లండు సంఘం పరిమిత గుర్తింపునిచ్చింది. నేడు దక్షిణ ఇండియా సంఘం ఆంగ్లికన్ సహవాసంలో సభ్యసంఘం.

ఐక్యత లోపల కూడా భేదం ఉంది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అధిక భాగం 1947లో కొత్త సంఘంలో చేరలేదు. 1963లో వారు ప్రత్యేక అధ్యక్ష ఖండంగా ఏర్పడి, చివరికి 1975లో ఐక్యసంఘంలో చేరారు. ఏ స్థానిక సంఘంపైనా దాని మనస్సాక్షికి సమ్మతం కాని గురువును రుద్దబోమని ఐక్యసంఘం తన రాజ్యాంగంలోనే మాట ఇచ్చింది. భేదాలు సర్దుకోవడానికి ముప్పై ఏళ్ల కాలాన్ని నిర్దేశించుకుంది. దీన్ని ఆదర్శంగా కీర్తించనక్కరలేదు. ఒకే పాత్ర నుండి పుచ్చుకున్నవారి మధ్య కులం నిలిచే ఉంది. అయినా చేరనివారిని శత్రువులుగా చూడకుండా కాలానికి చోటివ్వడం ఇక్కడ సాధ్యమైంది.

ముగింపు

కాలమిస్తే చాలునన్న సమాధానానికి ఒక హద్దు ఉంది. నంద్యాల విశ్వాసులు తమ ఇష్టం మేరకు వేచి ఉన్నారు. తమ ప్రేమకు, తమ పిలుపుకు గుర్తింపు కోసం ఎదురుచూసే వ్యక్తిపై ఆ నిరీక్షణను ఇతరులు మోపుతున్నారు. స్వయంగా ఎంచుకున్న నిరీక్షణ సహనం. ఇతరులపై మోపినది అధికారం. కాబట్టి ఓపిక పట్టమని అడిగే సంఘం ఆ ఓపికకయ్యే ఖర్చులో తన వంతును కూడా చెప్పాలి. కనీసం, ఎవరిని గురించి చర్చ జరుగుతోందో వారిని పంక్తిలో కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. అలాగే తన మనస్సాక్షిని అనుసరించి ముందుకు నడిచే సంఘం, ఆ నడకకు దూరదేశపు సహోదరులు చెల్లించే మూల్యాన్ని విననట్లు నటించరాదు.

సమానుల కూటమిలో ఒక సంఘం తన అంగీకారాన్ని ఉపసంహరించుకోవచ్చు, కొన్ని నిర్ణయాల నుండి మరొకరిని కొంతకాలం దూరంగా ఉంచవచ్చు. అంతకు మించి, ఎదుటివారు ఇక సహోదరులే కారని ప్రకటించే అధికారం సమానులకు ఉండదు. ఆ ప్రకటన చేసిన క్షణంలోనే వారు తమను తాము సమానుల స్థానం నుండి న్యాయాధిపతుల స్థానానికి ఎత్తుకున్నట్లవుతుంది. ఆంగ్లికన్ సహవాసం ఒకటిగా మిగులుతుందో లేదో రాబోయే సంవత్సరాలు నిర్ణయిస్తాయి. విడిపోయినా, ఎదుటివారి కోసం పంక్తిలో ఒక చోటు ఉంచి విడిపోయారా, ఆ చోటును కూడా ఎత్తివేసి విడిపోయారా అన్నదే నైతికంగా మిగిలే భేదం.